గాజు వాన సరే, ఆ ఫొటో ఎవరు తీశారు?

మళ్లీ మొదలైంది. "గాజు వర్షం కురిసే గ్రహం! నాసా షాక్!" అంటూ ఎర్ర బాణం గుర్తేసిన థంబ్‌నెయిల్. లోపల నీలి గోళం, దాని మీద అడ్డంగా దూసుకెళ్లే గాజు పెంకులు, వెనకాల దెయ్యాల సినిమా మ్యూజిక్. మా బాబాయ్ దాన్ని ఫ్యామిలీ గ్రూపులో పెట్టి "నాసా తీసిన ఒరిజినల్ ఫొటో" అన్నాడు. కింద అరడజను దండాలు.

ఆ ఫొటో ఎవరూ తీయలేదు బాబాయ్. హెచ్‌డీ 189733 బీ అనే ఆ గ్రహాన్ని విడిగా ఒక చుక్కగా కూడా ఏ టెలిస్కోపూ చూపించలేదు. అది ఆర్టిస్టు వేసిన బొమ్మ. నాసావాళ్లు బొమ్మ కింద ఆ ముక్క రాస్తారు కూడా. ఆ లైను క్రాప్ చేసేది మనవాళ్లే.

నా కోపం అబద్ధం చెప్పారని మాత్రమే కాదు. అసలు కథ ఇంతకంటే బాగుంటుంది, దాన్ని చంపేస్తున్నారు. ఆ వీడియోల్లో ఆ గ్రహం చుట్టూ తిరిగే నక్షత్రం ఊసే ఉండదు. తెలిసిందంతా తెలిసింది ఆ నక్షత్రం వల్లే. మనకు దాదాపు 65 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న నారింజ మరుగుజ్జు అది. సూర్యుడి కంటే కాస్త చిన్నది, ఓ 700 డిగ్రీలు చల్లన. దాని చుట్టూ గురుగ్రహమంత గ్రహం 2.2 రోజులకో ప్రదక్షిణ చేస్తుంది. నక్షత్రం చిన్నది, గ్రహం పెద్దది. కాబట్టి గ్రహం అడ్డొచ్చినప్పుడల్లా వెలుగు నూటికి రెండు వంతుల పైచిలుకు తగ్గుతుంది. ఈ లెక్కల్లో అది భారీ తగ్గుదల! 2005లో గ్రహం బయటపడినప్పటి నుంచి ఖగోళ శాస్త్రవేత్తలు దీన్ని వదలకపోవడానికి కారణం ఇదే.

మరి నీలం అని ఎలా తెలిసింది? ఫ్లడ్‌లైటు పక్కన వెలిగే సీరియల్ బల్బు రంగు ఎలా చెప్తారు? బల్బు ఆరినప్పుడు ఏ రంగు తగ్గిందో చూడాలి. ఇక్కడ బల్బు దానంతటదే ఆరుతుంది, గ్రహం నక్షత్రం వెనక్కి వెళ్లినప్పుడు. 2013లో హబుల్ అంతరిక్ష టెలిస్కోపుతో చేసింది ఇదే. గ్రహం దాక్కోగానే నీలి కాంతి రవ్వంత తగ్గింది, ఆకుపచ్చలో ఆ తగ్గుదల కనబడలేదు. ఆ రవ్వంత తేడాయే మీ థంబ్‌నెయిల్లోని నీలి గోళం మొత్తం.

అంతకుముందే, 2007లో, స్పిట్జర్ టెలిస్కోపుతో 33 గంటలు చూసి గ్రహం మీద వేడి ఎక్కడెక్కడ ఎంతుందో మ్యాపు గీశారు. నక్షత్రానికి నేరుగా ఎదురుగా ఉన్న చోటే ఎక్కువ వేడి ఉండాలి కదా? లేదు, తూర్పుకు జరిగి ఉంది. గాలులు తోసేశాయి. ఆ గాలుల వేగం 2015లో కొలిస్తే సెకనుకు 2 కిలోమీటర్లు తేలింది.

గాజు సంగతంటారా, నీలం రంగుకు కారణం మేఘాల్లోని సిలికేట్ (రాళ్లలో, ఇసుకలో ఉండే పదార్థం) రేణువులు కావచ్చన్నారు. అంత వేడిలో అవి గాజు బొట్లుగా మారొచ్చు, ఆ గాలికి అడ్డంగా కొట్టొచ్చు. అన్నీ "వచ్చు"లే. నక్షత్రం మీది మచ్చలు కూడా ఈ లెక్కల్ని తప్పుదోవ పట్టించగలవని 2014లోనే కొందరు అభ్యంతరం చెప్పారు. పదేళ్ల తర్వాత జేమ్స్ వెబ్ టెలిస్కోపు ఆ మేఘాల్లో క్వార్ట్జ్ జాడ పట్టింది. మన గోదావరి ఇసుకలో ఉండేదే. ఆ వార్త మన ఛానెళ్లలో నాకెక్కడా కనబడలేదు. అదే ఏడాది హైడ్రోజన్ సల్ఫైడ్ దొరికితే మాత్రం "కుళ్లిన కోడిగుడ్ల కంపు కొట్టే గ్రహం" అని హోరెత్తించారు. కంపుకున్న గిరాకీ ఇసుకకు లేదు మరి.

ఆ నక్షత్రం ఉత్త కంటికి కనబడదు గానీ, మంచి బైనాక్యులర్స్‌కి అందుతుంది. అక్టోబరు మొదట్లో చీకటి పడ్డాక మన నడినెత్తి దగ్గరే ఉంటుంది, శ్రవణానికి ఉత్తరంగా. ఇది ఏ ఛానెలూ చెప్పదు, అక్కడ గాజు పెంకులు కనబడవుగా.

ఛానెళ్లవాళ్లకు ఒకటే మాట. వ్యూస్ కావాలి, కాదనను. బొమ్మ మీద ఓ మూల "ఊహాచిత్రం" అని వేయండి, మా బాబాయ్‌కి కళ్లజోడు లేకుండా కనబడేంత సైజులో.