రోజుకో ఇన్ఫోగ్రాఫిక్ పెడితే మీడియా మీ ఇంటికి రాదు

లింక్డ్‌ఇన్‌లోనూ, వాట్సాప్ బిజినెస్ గ్రూపుల్లోనూ ఒకే సలహా రకరకాల రంగుల్లో తిరుగుతోంది. దాని సారాంశం ఇదీ: "రాసింది ఇప్పుడెవరూ చదవరు. మెదడు అక్షరాల కంటే బొమ్మల్ని 60,000 రెట్లు వేగంగా అర్థం చేసుకుంటుంది. కాబట్టి రోజుకో ఇన్ఫోగ్రాఫిక్ (లెక్కల్నీ వివరాల్నీ బొమ్మగా చూపించేది), రోజుకో రీల్ పెట్టండి. డిజైనర్ కూడా అక్కర్లేదు, ఏఐ ఉంది. మూణ్ణెల్లు తిరిగేసరికి మీ రంగంలో మీరే నిపుణులు, మీడియా మిమ్మల్ని వెతుక్కుంటూ వస్తుంది." నేను హైదరాబాద్‌లో ఒక తెలుగు పత్రిక డెస్కులో, అంటే వచ్చిన వార్తల్ని దిద్ది పేజీకెక్కించే చోట, చాన్నాళ్ళు పనిచేశాను. మీరు పంపే బొమ్మలు అవతలివైపు ఏమవుతాయో దగ్గర్నుంచి చూశాను కాబట్టి దీనికి జవాబు రాయాలనిపించింది.

ముందు ఆ 60,000 సంగతి చూద్దాం. చాలా ప్రెజెంటేషన్లలో ఈ అంకె కింద 3ఎం కంపెనీ పేరు ఉంటుంది, కానీ దాన్ని పట్టుకుని వెనక్కి వెళ్ళినవాళ్ళెవరికీ ఆ పరిశోధన దొరకలేదు. ఒకరి స్లైడ్ చూసి ఇంకొకరు రాసుకోవడమే. పోనీ నిజమే అనుకుందాం. కేవలం 13 మిల్లీసెకన్లు కళ్ళముందు మెరిసి మాయమైన బొమ్మలో ఏముందో కూడా మనిషి గుర్తించగలడని 2014లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ పరిశోధకులు చూపించారు. ఆ 13ని 60,000తో గుణిస్తే 780 సెకన్లు, అంటే సరిగ్గా 13 నిమిషాలు. ఈ లెక్కన మెట్రోలో కూర్చుని 'అమీర్‌పేట' అన్న బోర్డు చదివేలోపు రైలు మూసాపేట దాటిపోవాలి! పైగా బొమ్మలో పడవ ఉందని గుర్తుపట్టడం వేరు, గ్రాఫ్ ఏం చెబుతోందో అర్థం కావడం వేరు. గ్రాఫ్ అర్థం కావాలంటే అది ఏ ఏడాదిదో, లెక్క లీటర్లలోనో లక్షల్లోనో, ఎవరి దగ్గర తీసుకున్నదో తెలియాలి. అవన్నీ చదవాల్సినవే.

ఇక 'రాసింది ఎవరూ చదవరు' అన్న మాట. రీల్స్ చూసే జనం సంగతేమో గానీ, మీకు కావాల్సింది మీడియా అయితే అక్కడివాళ్ళు పొద్దస్తమానం చేసే పనే చదవడం. సాయంత్రం ఆరు దాటాక డెస్కులో ఎలా ఉంటుందో చెప్తాను. సబ్‌ఎడిటర్ ముందు పదులకొద్దీ ప్రెస్‌నోట్లు, అందులో మీ ఇన్ఫోగ్రాఫిక్ ఒకటి. పైన లోగో, కింద లోగో, మధ్యలో డజను ఐకాన్లు, నీలం మీద సన్నటి తెల్ల అక్షరాలు. వాట్సాప్ దాన్ని కుదించి పంపింది. ఇంగ్లీషు అక్షరాలైతే ఎలాగో గట్టెక్కుతాయి, తెలుగులో ముందు పోయేవి ఒత్తులు. 'కొత్త' కాస్తా 'కొత' అవుతుంది, 'లెక్కలు' చూస్తే 'లెకలు'. దాన్ని పేజీలో రెండు కాలమ్‌ల వెడల్పుకు ఇరికిస్తే మిగిలినవీ అలుక్కుపోతాయి. అది నలుపు తెలుపు పేజీ అయితే ఇంకో తలనొప్పి. మీరు పెరిగినదానికి ఆకుపచ్చ, తగ్గినదానికి ఎరుపు వేశారు కదా, అచ్చులో రెండూ ఒకే బూడిద రంగు.

అంతటితో అయిపోలేదు. బొమ్మలో ఉన్న పేర్లనూ అంకెలనూ కాపీ చేయడం కుదరదు, చూసి మళ్ళీ టైప్ చేయాలి. ఆ హడావుడిలో ఒక సున్నా ఎగిరిపోతే మర్నాడు పొద్దున్నే సవరణ వేయమని ఫోన్ చేసేదీ మీరే. 'పీడీఎఫ్ కూడా పంపాం కదా సార్' అంటారు. ఆ పీడీఎఫ్ ఏ డీటీపీ సెంటర్లోనో పేజ్‌మేకర్‌లో పాతకాలపు అను ఫాంట్లతో చేసిందైతే, కాపీ చేసి పేస్ట్ చేయగానే వచ్చేది తెలుగు కాదు, ఏవో పిచ్చి గుర్తులు. సరిగ్గా అదే టైంకి ఇంకెవరో ఎక్కడ పేస్ట్ చేసినా తెలుగుగానే ఉండే యూనికోడ్‌లో ఆరు లైన్లు నీటుగా రాసి, ఒక ఫొటోను వాట్సాప్ కుదించకుండా డాక్యుమెంట్‌గా పంపించి, కింద ఫొటోలో ఎడమ నుంచి ఎవరెవరో రాశారనుకోండి. పేజీలో చోటు వాళ్ళకే. ఆ ఫొటో మీ ఇన్ఫోగ్రాఫిక్ అంత అందంగా లేకపోయినా సరే. (బొమ్మలో ఇరుక్కున్న మాటల్ని కళ్ళు కనబడనివాళ్ళకు తెర మీది మాటలు చదివి వినిపించే స్క్రీన్ రీడర్ కూడా సరిగా చదవలేకపోతుంది, అదింకో సంగతి.)

'రోజుకొకటి' గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. రోజూ చెప్పేంత కొత్త విషయం ఎవరి దగ్గరా ఉండదు. అందుకే రెండో వారానికల్లా ఉగాది శుభాకాంక్షలు, ఇంజినీర్స్ డే శుభాకాంక్షలు, సోమవారం స్ఫూర్తి వాక్యం మొదలవుతాయి. గల్లీ మూలన కట్టిన బర్త్‌డే ఫ్లెక్సీ లాంటివే అవి కూడా. ఎవరిదో తెలుస్తుంది, అటు పోతూ ఒకసారి చూస్తాం, అంతే. ఫ్లెక్సీ చూసి ఇంటర్వ్యూకి వచ్చిన రిపోర్టర్ ఉన్నాడా?

'ఏఐ ఉంది కదా' అన్న దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. హైదరాబాద్‌లో ఉంటూ కంచ గచ్చిబౌలిని ఇంత త్వరగా మర్చిపోతే ఎలా? 2025 మార్చి చివర్లో సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న 400 ఎకరాల్లోకి ప్రభుత్వం తరఫున యంత్రాలు దిగాయి. రాత్రిపూట కూడా లైట్లు పెట్టుకుని చెట్లు కూలుస్తుంటే విద్యార్థులు తీసిన వీడియోలు బయటికొచ్చాయి, వాటిలో వణుకు, మసక, చీకటి అన్నీ ఉన్నాయి. వాటి పక్కనే ఏఐతో చేసిన బొమ్మలూ పుట్టుకొచ్చాయి. బుల్డోజర్ల ముందు పరుగులు తీసే జింకలు, నెమళ్ళు, అన్నీ సినిమా పోస్టర్లా. చేసినవాళ్ళలో చాలామంది మంచి ఉద్దేశంతోనే చేసి ఉంటారు, వాటికి షేర్లు కూడా బాగానే వచ్చాయి. కానీ ప్రభుత్వానికి వాదన దొరికింది కూడా అక్కడే. ఫేక్ బొమ్మలతో దుష్ప్రచారం చేస్తున్నారంటూ కేసులు పెట్టారు, అలాంటి బొమ్మను షేర్ చేసిన ఒక ఐఏఎస్ అధికారికి కూడా పోలీసు నోటీసు వెళ్ళింది. చెట్ల గురించి జరగాల్సిన చర్చ కాస్తా ఏ బొమ్మ అసలు, ఏది నకిలీ అన్నదాని మీదికి మళ్ళింది. నిజంగా అక్కడ నిలబడి వీడియో తీసిన పిల్లలు కూడా 'ఇది ఏఐ కాదు' అని నిరూపించుకోవాల్సిన పరిస్థితి వచ్చింది. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమన్నప్పుడు జడ్జీల ముందున్నది వైరల్ బొమ్మలు కావు. తెలంగాణ హైకోర్టు రిజిస్ట్రార్ స్వయంగా అక్కడికెళ్ళి చూసి పంపిన నివేదిక, దానితోపాటు ఫొటోలు. నెమళ్ళు, జింకలు కనబడ్డాయన్న మాట ఆ నివేదికలోనూ ఉంది. నిజంగానే ఉన్న నెమలిని ఏఐతో గీసి దాని ఉనికినే అనుమానంలో పడేయడం ఎంత తెలివితక్కువ పనో!

మరి మూణ్ణెల్లలో నిపుణులవడం సంగతి? బొమ్మలతో మీడియాలో పేరు తెచ్చుకున్నవాళ్ళు మన ఊళ్ళో లేరని కాదు. తెలంగాణ వెదర్‌మ్యాన్ పేరుతో ఎక్స్‌లో పోస్టులు పెట్టే ఆయన్నే తీసుకోండి, వాన అంటే చాలు, పత్రికలూ ఛానళ్ళూ ఆయన మాట వేస్తాయి. ఆయన పెట్టే మ్యాపులు మీ డిజైనర్ చూస్తే ముఖం చిట్లిస్తాడేమో. కానీ సాయంత్రం ఏ పేటలో వాన పడే అవకాశం ఉందో ముందే చెప్పడం, పడిందో లేదో జనమంతా కిటికీలోంచి చూసుకోవడం, తప్పితే కింద కామెంట్లలోనే నిలదీయడం, ఇదంతా ఏళ్ళ తరబడి అందరి కళ్ళముందే జరిగింది. రిపోర్టర్‌కి మీ గ్రాఫిక్ ఎంత బాగుందన్నది పట్టదు. రేపు ఎడిటర్ అడిగితే 'ఈయన ఇంతకుముందు చెప్పింది నిజమైంది సార్' అనగలగాలి, అదీ అతని అవసరం.

ఇంతా రాశాక 'అంటే బొమ్మలు దండగా?' అని అడుగుతారు. దండగ అని నేననలేదు. ఈ సలహా ఇచ్చేవాళ్ళు తరచూ చూపించే రెండు ఉదాహరణలు నాకూ ఇష్టమే. 2018లో బ్రిటన్‌లోని రీడింగ్ అనే ఊరి యూనివర్సిటీ శాస్త్రవేత్త ఎడ్ హాకిన్స్ భూమి వేడెక్కడాన్ని నీలం, ఎరుపు చారలుగా చూపించాడు. ఒక్క అక్షరం లేదు, ఒక్క అంకె లేదు. టీవీల్లో వాతావరణం చెప్పేవాళ్ళు ఆ చారల టైలు కట్టుకుని మరీ వచ్చారు. కానీ ఒక్కో చార ఒక్కో ఏడాది సగటు ఉష్ణోగ్రత, వెనకాల వందేళ్ళకు పైబడిన రికార్డులున్నాయి, గీసినవాడు అప్పటికే ఆ రంగంలో పనిచేస్తున్నవాడు. రెండోది 1854 లండన్ కలరా, చావులు ఎక్కడెక్కడ జరిగాయో చూపిస్తూ డాక్టర్ జాన్ స్నో గీసిన మ్యాపు. మ్యాపు చూపించగానే అధికారులు బ్రాడ్ స్ట్రీట్‌లో జనం నీళ్ళు పట్టుకునే పంపు హ్యాండిల్ పీకేశారని స్లైడ్లలో రాస్తారు. వరస తారుమారైంది. హ్యాండిల్ తీసింది సెప్టెంబరు 8న. స్నో చనిపోయినవాళ్ళ జాబితా పట్టుకుని ఇళ్ళ చుట్టూ తిరిగి ఎవరు ఏ నీళ్ళు తాగారో అడిగాడు, ఆ వివరాలు చెప్పి ఒప్పించాడు. అందరికీ తెలిసిన ఆ మ్యాపు దాని తర్వాత వచ్చింది.

కాబట్టి మీ దగ్గర ఏముందో ముందు అది చూసుకోండి. నాకు తెలిసిన ఒకాయన అపార్ట్‌మెంట్లకు నీటి మీటర్లు పెట్టే చిన్న కంపెనీ నడుపుతాడు. ఆయనా రోజూ 'నీటిని పొదుపు చేద్దాం' పోస్టర్లు వేయిస్తుండేవాడు, చేతిలో నీటిచుక్క, పక్కన భూగోళం. అదే మనిషి దగ్గర మణికొండ, కొండాపూర్ వైపు అపార్ట్‌మెంట్లలో ఏ నెల ఎన్ని ట్యాంకర్లు వచ్చాయో, ఫ్లాటుకి ఎంత నీళ్ళు వాడారో మొత్తం లెక్క ఉంది! మార్చి వస్తే నగరంలో ప్రతి రిపోర్టరూ వెతికేది అదే. పోస్టర్లు ఆపి ఆ లెక్కతో ఒక్క గ్రాఫ్ గీయించమన్నాను. గ్రాఫ్ పక్కన నిలువుగా ఉండే కొలత సున్నా నుంచి మొదలవ్వాలి, లేకపోతే పెరిగింది కొంచెమే అయినా కొండలా కనబడుతుంది, అది పట్టుకున్న రిపోర్టర్ మళ్ళీ మీ నంబర్ తీయడు. ఎన్ని అపార్ట్‌మెంట్లు, ఏ నెల నుంచి ఏ నెల దాకా అన్నది కిందే రాయాలి. అపార్ట్‌మెంట్ల పేర్లు తీసేసి ఎక్సెల్ షీటు జతచేయాలి. 'మా పేరుతో వాడుకోవచ్చు' అని ఒక లైను, ఆరు లైన్ల తెలుగు, ఆ లెక్క గురించి నిజంగా మాట్లాడగలిగే మనిషి ఫోన్ నంబర్. ఆఫీసు రిసెప్షన్ నంబర్ ఇస్తే లాభం లేదు, డెస్కు నుంచి ఫోన్ వచ్చేది రాత్రి ఎనిమిదిన్నరకి.