పాత మోల్డింగ్ చిత్రికలు అలంకారానికేనా? ఒక సందేశానికి ఖండన

విశాఖలో పాత పనిముట్లు కొనేవాళ్ల మధ్య, వడ్రంగం కొత్తగా నేర్చుకుంటున్నవాళ్ల మధ్య ఒక సందేశం తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: పాత మోల్డింగ్ చిత్రికలు (కర్ర అంచుల మీద అలంకార ఆకారాలు తీసే చేతి పనిముట్లు) ఇక షోకేసులో పెట్టుకోవడానికే పనికొస్తాయి. తుప్పు పట్టిన బ్లేడు పోయినట్టే. అయినా వాడాలనుకుంటే అడుగును ఇసుక కాగితం మీద చదును చేసి, బ్లేడును గ్రైండర్ మీద పట్టి, చెక్కను రాత్రంతా అవిసె నూనెలో నానబెట్టాలి. ఆ శ్రమంతా పడేకంటే అదే ఆకారాలు కరెంటుతో కోసే రౌటర్ యంత్రం కొనుక్కోవడం మేలు. ఈ మాటలు నమ్మి నిక్షేపంలాంటి పనిముట్లను జనం చేజేతులా పాడు చేసుకుంటున్నారు. నాకు బాధ కలిగించేది అదే.

ముందు అడుగు సంగతి చెప్పాలి, ఎక్కువ నష్టం జరిగేది అక్కడే. మామూలు చిత్రికకు అడుగు చదునుగా ఉండాలి, నిజమే. మోల్డింగ్ చిత్రికకు మాత్రం అడుగే అచ్చు. తలుపు చట్రం అంచున మనం చూసే గుండ్రం, గాడి, మెట్టు అన్నీ ఆ అడుగులో తిరగేసి ఉంటాయి. ఇసుక కాగితం పెట్టగానే మొదట పోయేవి సన్నటి అంచులే, ఆకారానికి ప్రాణం అవే. పైగా అడుగు తరిగేకొద్దీ బ్లేడు ముందున్న సందు, అంటే నోరు, వెడల్పవుతుంది, కర్ర తెగడం మాని చిరుగుతుంది. ఇంగ్లండులో చేసిన బీచ్ చెక్క చిత్రికల్లో త్వరగా అరిగే చోట బాక్స్‌వుడ్ పట్టీలు పొదిగేవారు. పట్టీ వదులైతే జిగురు పెట్టి బిగించండి, అంతే. లోపలికి వంగిన అడుగూ, బయటికి ఉబ్బిన అడుగూ ఉన్న చిత్రికలు ఒకే నంబరుతో జతలుగా వస్తాయి. పూర్తి సెట్టులో 18 జతలు, సగం సెట్టులో 9. జతలో ఒకటి బాగుంటే దానితోనే రెండోదాని అడుగు సరిచేయవచ్చు. నిజంగా అరిగిపోయిన అడుగుకు చేయాల్సింది ఆ పని.

అలంకారానికే అనే మాట ఎందుకు పుట్టిందో కూడా నాకు తెలుసు. చాలా ఇంగ్లిష్ చిత్రికల ముందు కొసన వాలుగా గీతలు ఉంటాయి. చిత్రికను ఎంత పక్కకు వంచి పట్టాలో చెప్పే గుర్తులవి. వాటిని గీకుళ్లు అనుకుని, నిటారుగా పట్టి తోసి, తెగలేదని పక్కన పడేస్తారు. గీతలు నిలువుగా నిలిచేలా వంచి తోసి చూడండి.

తుప్పు. సముద్రపు ఉప్పుగాలి తగిలే ఈ ఊళ్లో తుప్పు లేని పాత ఇనుము దొరకడం కష్టం, ఆ లెక్కన అన్నీ పారేయాల్సిందే. బ్లేడు పై భాగంలో గుంటలు ఎన్ని ఉన్నా పనికి అడ్డు కావు. పదును అంచు దగ్గర, చదునుగా ఉండే ముఖం మీద గుంటలుంటేనే చిక్కు. అప్పుడు కూడా ఆ గుంటలు దాటేదాకా అంచును వెనక్కి నూరితే సరిపోతుంది. వెనిగర్‌లో నానబెట్టి, బ్రష్‌తో రుద్ది, వంటసోడా నీళ్లలో కడిగి, వెంటనే ఆరబెట్టి కుట్టుమిషను నూనె రాయండి.

ఇక గ్రైండర్. కార్బన్ స్టీలు సుమారు 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర నీలం రంగుకు తిరుగుతుంది. ఆ రంగు కనిపించిన చోట గట్టిదనం పోయినట్టే, ఆ మేర నూరి తీసేయక తప్పదు. మోల్డింగ్ బ్లేడు కొనలు సన్నవి, క్షణాల్లో కాలిపోతాయి. వేడి ఒక్కటే అయితే నీళ్లలో ముంచుతూ నెట్టుకురావచ్చు, అసలు సమస్య ఆకారానిది. బ్లేడు వాలుగా కూర్చుంటుంది కాబట్టి దాని ఆకారం అడుగు ఆకారానికి అచ్చంగా నకలు కాదు. 50 డిగ్రీల వాలులో, అడుగులో 10 మిల్లీమీటర్ల లోతున్న గాడికి బ్లేడు మీద దాదాపు 13 మిల్లీమీటర్లు కావాలి. కంటి అంచనాతో గ్రైండర్ మీద పట్టేవాళ్లకు ఇది ఎలా కుదురుతుంది? చదును ముఖానికి మార్కర్ రంగు పూసి, బ్లేడును చిత్రికలో బిగించి, కాస్త బయటికి పెట్టి, అడుగు వెంబడే సూదితో గీత గీయండి. ఆ గీత వరకే నూరండి. లోతు వంపులకు సన్నటి గుండ్రటి కర్రకు వాటర్ పేపర్ (నీళ్లతో తడిపి వాడే ఇసుక కాగితం) చుట్టుకోండి, ఉబ్బు వంపులను రాయి మీద దొర్లించండి. ఒకసారి ఆకారం కుదిరాక రోజువారీ పదునుకు చదును ముఖాన్ని సాన మీద రుద్దితే చాలావరకు సరిపోతుంది, ఆకారం చెదరదు. మన దగ్గర పని ఎక్కువగా టేకు మీదే. టేకులో సిలికా ఉండి అంచును త్వరగా మొండి చేస్తుంది, కాబట్టి ఈ అలవాటు విలువైనది.

నూనెలో ముంచడం మాత్రం వద్దే వద్దు. బ్లేడును పట్టి ఉంచేది దాని పక్కన దిగే చెక్క చీలిక ఒక్కటే. అది కూర్చునే చోట నూనె ఇంకితే జారుతుంది, ఆరాక బంకలా పట్టేస్తుంది. పైకి పల్చగా ఒక పూత రాసి తుడిచేయండి. తుడిచిన గుడ్డలను మాత్రం ఉండ చుట్టి పారేయకండి: అవిసె నూనె గుడ్డ తనంతట తానే వేడెక్కి అంటుకోగలదు. విప్పి ఆరబెట్టండి. వానాకాలంలో చీలిక బిగుసుకుంటే ఇనుప సుత్తి తీయకుండా కొన్నాళ్లు పొడి గదిలో ఉంచి, తర్వాత చిత్రిక వెనక కొస మీద చెక్క సుత్తితో తట్టండి, వదులవుతుంది.

సందేశంలో ఒప్పుకోవాల్సిందీ ఉంది. నోటి దగ్గర అడ్డంగా పగిలినవి, బాగా వంగిపోయినవి కొనకండి. ముందు కొస నుంచి అడుగు వెంట చూస్తే వంపు తెలిసిపోతుంది. వందల అడుగుల కొత్త చట్రాలకు రౌటరే సరి. కానీ వన్‌టౌన్‌లో కురుపాం మార్కెట్ చుట్టుపక్కల పాత ఇళ్ల తలుపుల్లో ఒక పట్టీ పుచ్చిపోయి, పక్కదానికి సరిపోయేలా మూడడుగుల ముక్క కావాలంటే, ఆ ఆకారపు రౌటర్ బిట్ ఏ దుకాణంలో దొరుకుతుంది? వంపు చిత్రికలు రెండు మూడు జతలుంటే ఆ ఆకారాన్ని చేత్తో తీయవచ్చు, పదునైన బ్లేడు విడిచిన నునుపు మీద ఇసుక కాగితం పనే ఉండదు.