ల్యాబ్ రికార్డులో నిజం రాయనివ్వండి

ఆస్పిరిన్ మాత్రలో అసలు మందు ఎంత ఉందో కొలవడం ఫార్మాస్యూటికల్ సైన్స్ విద్యార్థులకు తొలి రోజుల్లోనే ఎదురయ్యే ప్రాక్టికల్. మాత్రలను పొడి చేసి, తూచి, కావలసినదానికన్నా ఎక్కువ సోడియం హైడ్రాక్సైడ్ కలిపి మరిగిస్తారు. మందు వాడుకోగా మిగిలిన క్షారం ఎంతో, రంగు మారేదాకా ఆమ్లాన్ని చుక్కచుక్కగా కలిపి (టైట్రేషన్ చేసి) తేలుస్తారు. 0.5 మోలార్ క్షారం ఒక్కో మిల్లీలీటరుకు 45.04 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ అని లెక్క. మాత్ర మీద రాసిన మోతాదుతో పోల్చితే చివరికి తేలే శాతం నూటికి దగ్గరగా ఉండాలి. కొందరికి 87 వస్తుంది, కొందరికి 113 వస్తుంది. ఆమ్లాన్ని కొలిచి వదిలే గీతల గొట్టం, అంటే బ్యూరెట్, మొనలో గాలిబుడగ ఉండిపోవచ్చు. తూచేటప్పుడు పొడి కొంత కాగితానికే అంటుకుపోవచ్చు. రంగు మారే క్షణం గమనించేలోపే దాటిపోవచ్చు. ఇవన్నీ మామూలే. ఆ తర్వాత రికార్డులో ఏ అంకె రాస్తారన్నదే, మా దృష్టిలో, మొత్తం కోర్సులోకెల్లా పెద్ద పరీక్ష.

చాలాచోట్ల ఏం జరుగుతుందో ఈ చదువు చదివినవాళ్లకు తెలుసు. రావాల్సిన శాతం ముందే తెలిసి ఉంటుంది కాబట్టి, దాన్నుంచి వెనక్కి లెక్కగట్టి బ్యూరెట్ రీడింగ్ రాసేస్తారు. లేదంటే సీనియర్ల రికార్డు తెచ్చుకుని దశాంశాలు కాస్త అటూ ఇటూ మార్చి ఎక్కిస్తారు. ఇందులో విద్యార్థులను మాత్రమే నిందించడం అన్యాయం. 99.6 రాసినవారికి పదికి తొమ్మిది, 87 అని ఉన్నది ఉన్నట్టు రాసినవారికి పదికి నాలుగు వేసే పద్ధతిని వాళ్లు పెట్టలేదు. ఆ పద్ధతిలో తెలివైన విద్యార్థి నేర్చుకునేది ఒకటే: అంకె సరిగా వస్తే చాలు, అది ఎక్కడినుంచి వచ్చిందని ఎవరూ అడగరు.

మరే చదువులోనైనా ఇది చెడ్డ అలవాటే. మందుల చదువులో ఇది ప్రమాదం. ఎందుకంటే మందు మంచిదో కాదో దాన్ని మింగే మనిషి తేల్చుకోలేడు. బట్టను తాకి చూడొచ్చు, పండును వాసన చూడొచ్చు. మాత్ర విషయంలో రోగికి మిగిలేది, ఎక్కడో ఒక ల్యాబ్‌లో ఎవరో రాసిన అంకె మీద నమ్మకం. ఆ అంకె రాసేది రేపు ఈ విద్యార్థులే.

ఆ ఆస్పిరిన్ ప్రాక్టికల్‌లోనే ఇంకో పాఠం దాగి ఉంది. దాన్ని పట్టించుకోకుండా వదిలేయడం మాకు బాధ కలిగిస్తుంది. తేమ తగిలితే ఆస్పిరిన్ విడిపోయి సాలిసిలిక్ ఆమ్లం, అసిటిక్ ఆమ్లం ఏర్పడతాయి. పాత సీసా మూత తీస్తే వెనిగర్ వాసన వచ్చేది అందుకే. అలా పాడైన మాత్రకు ఇదే పరీక్ష చేస్తే ఏమవుతుంది? చెడని ఆస్పిరిన్ అణువు మరిగేటప్పుడు రెండు క్షార అణువులను వాడుకుంటుంది. విడిపోయిన అణువులో సాలిసిలిక్ ఆమ్లం ఒకటి, అసిటిక్ ఆమ్లం ఒకటి, మొత్తం మళ్లీ రెండే. అసిటిక్ ఆమ్లం ఆవిరై పోకుండా మాత్రలోనే ఉంటే అంకెలో తేడా రాదు. మందు పాడైనా పరీక్షలో పాసవుతుంది. అందుకే మందుల ప్రమాణాలు చెప్పే గ్రంథాలు, అంటే ఫార్మకోపియాలు, సాలిసిలిక్ ఆమ్లం ఎంత ఉందో విడిగా చూడమంటాయి. ఫెర్రిక్ క్లోరైడ్ వేస్తే వచ్చే ఊదారంగు ఆ ఆమ్లం ఉనికిని చూపిస్తుంది. ఏ పరీక్ష దేన్ని చూస్తుంది, దేన్ని చూడలేదు అన్నది అర్థమైనవారే ఈ రంగంలో పనికొస్తారు. పరీక్ష చేయకుండా అంకె రాసేవారికి ఈ ప్రశ్న ఎప్పటికీ తట్టదు.

ఈ గుడ్డితనం తరగతి గదిలోనే ఆగదు. 2008లో హెపారిన్ అనే రక్తం గడ్డకట్టనివ్వని ఇంజెక్షన్ తీసుకున్న కొందరికి ఒక్కసారిగా రక్తపోటు పడిపోయింది, మరణాలూ సంభవించాయి. అందులో ఓవర్‌సల్ఫేటెడ్ కాండ్రాయిటిన్ సల్ఫేట్ అనే పదార్థం కలిసిందని తర్వాత తేలింది. అది రూపంలోనూ పనిలోనూ హెపారిన్‌ను పోలి ఉండటంతో, అప్పటిదాకా వాడుతున్న పరీక్షలు దాన్ని వేరు చేయలేకపోయాయి. ఎన్‌ఎంఆర్, క్యాపిలరీ ఎలక్ట్రోఫోరిసిస్ లాంటి మరింత సూక్ష్మమైన పరీక్షా పద్ధతులతో గానీ గుట్టు బయటపడలేదు. ఆ తర్వాత ఫార్మకోపియాలే మారాయి.

బయటివారికి ఫార్మాస్యూటికల్ సైన్స్ అంటే కొత్త అణువులను కనిపెట్టడం. అది నిజమే గానీ సగమే. అణువు దొరికాక అది మందు కావడానికి ఇంకా చాలా దూరం ఉంటుంది. ఆ దూరమే ఫార్మాస్యూటిక్స్ (మందును మాత్రగానో ద్రవంగానో తయారుచేయడం), అనాలిసిస్ (మందును పరీక్షించడం), ఫార్మకాలజీ (ఒంట్లో మందు పనిచేసే తీరు) తరగతుల్లో చెప్పే చదువు. 1968లో ఆస్ట్రేలియాలో ఫిట్స్‌కు వాడే ఫెనిటాయిన్ క్యాప్సూళ్లు మింగుతున్నవారు కొందరు ఉన్నట్టుండి విషలక్షణాలతో ఆసుపత్రులకు వచ్చారు. మందు అదే, మోతాదూ అదే. మారిందల్లా క్యాప్సూల్‌లో నింపుడుకు వాడే పొడి. కాల్షియం సల్ఫేట్ స్థానంలో లాక్టోజ్ వేశారు. అంతవరకు కాల్షియం సల్ఫేట్ మందును పూర్తిగా ఒంటికి పట్టనివ్వకుండా అడ్డుపడుతూ ఉందని, డాక్టర్లు దానికి తగ్గట్టే మోతాదు ఖాయం చేశారని అప్పుడు తెలిసింది. అడ్డు తొలగగానే అదే మోతాదు ఎక్కువైపోయింది. దేనికీ పనికిరాదనుకునే పదార్థం కూడా లెక్కలోకి వస్తుందని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ మాకు తెలియదు.

1998లో హెచ్‌ఐవీ మందు రిటోనావిర్‌కు ఇంకో తీరు దెబ్బ తగిలింది. మార్కెట్లోకి వచ్చిన రెండేళ్లకు, అంతకుముందు ఎవరూ చూడని కొత్త స్ఫటిక రూపం తయారీలో ప్రత్యక్షమైంది. అణువు మారలేదు, అణువులు ఒకదానిపై ఒకటి పేర్చుకున్న తీరు మారింది. కొత్త రూపం చాలా తక్కువ కరుగుతుంది. మందు ఎంత త్వరగా కరుగుతుందో చూసే డిసల్యూషన్ పరీక్షలో క్యాప్సూళ్లు ఫెయిలయ్యాయి. తయారీ ఆపి, మందు రూపాన్నే మార్చాల్సి వచ్చింది. ఇక్కడ గమనించాల్సిన విషయం ఒకటుంది. ఆ పరీక్షలో వచ్చిన చెడ్డ అంకెను ఎవరో ఉన్నది ఉన్నట్టు రాశారు. ఈసారికి పోనీలే, మళ్లీ చేసి సర్దుదాం అనుకోలేదు. అనుకుని ఉంటే సరిగా కరగని మందు రోగుల దాకా వెళ్లేది.

డిసల్యూషన్ పరీక్ష ప్రతి ఫార్మసీ ల్యాబ్‌లోనూ చేయించేదే. 37 డిగ్రీల వేడిలో ఆరు పాత్రలు, ఒక్కోదాంట్లో ఒక మాత్ర, నిమిషాల లెక్కన శాంపిల్ తీయడం. విసుగు పుట్టించే పని అని విద్యార్థులు అంటారు. నిజమే, విసుగే. ఈ శాస్త్రంలో ప్రాణాలు కాపాడే పనిలో చాలా భాగం ఇలాగే ఉంటుంది.

విశ్వవిద్యాలయపు ల్యాబ్‌లో చూసింది ఎంత దూరం వెళ్తుందో చెప్పడానికి, తర్వాత అమెరికా ఔషధ నియంత్రణ సంస్థలో పనిచేసిన ఫ్రాన్సిస్ కెల్సీ జీవితం చాలు. 1937లో అమెరికాలో సల్ఫానిలమైడ్ అనే మందును ద్రవరూపంలో అమ్మారు. కరిగించడానికి వాడినది డైఇథిలీన్ గ్లైకాల్. రుచి, రంగు, వాసన చూశారు గానీ విషమా కాదా అని చూడలేదు. చూడాలని అప్పటి చట్టంలోనూ లేదు. వందమందికి పైగా చనిపోయారు, వారిలో పిల్లలూ ఉన్నారు. కారణం తేల్చే పనిలో చికాగో విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ గైలింగ్ ల్యాబ్ పాలుపంచుకుంది. మందును విడిగా, ద్రావణిని విడిగా జంతువులకు ఇచ్చి, చంపుతున్నది ద్రావణేనని చూపించారు. ఆ ల్యాబ్‌లో జంతువులను గమనించిన విద్యార్థుల్లో కెల్సీ ఒకరు. మరుసటి ఏడాది అమెరికాలో కొత్త మందుల చట్టం వచ్చింది, ఆమెకు డాక్టరేట్ వచ్చింది. ఆ తర్వాత మలేరియా పరిశోధనలో కుందేళ్ల మీద పనిచేస్తూ, పెద్ద కుందేలు క్వినైన్‌ను విడగొట్టగలదనీ, కడుపులోని పిల్లకు ఆ శక్తి లేదనీ గమనించారు.

1960 సెప్టెంబరులో థాలిడోమైడ్ ఫైలు ఆమె బల్ల మీదికి వచ్చింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థలో చేరి అప్పటికి నెల రోజులు దాటింది, అంతే. వేరే దేశాల్లో అప్పటికే విరివిగా అమ్ముడవుతున్న నిద్రమందు అది. 60 రోజుల్లో అభ్యంతరం చెప్పకపోతే అనుమతి దానంతటదే వచ్చేసే రోజులు. ఆమె, ఆమెతోపాటు ఫైలు చూసిన ఫార్మకాలజిస్టు, కెమిస్టు ముగ్గురూ ఆధారాలు చాలవన్నారు. గర్భిణుల మీద ప్రభావం ఏమిటని ఆమె అడిగారు. కంపెనీ ఒత్తిడి చేసిన ప్రతిసారీ ఇంకా వివరాలు కావాలని రాశారు. 1961 నవంబరులో జర్మనీలో ఆ మందును ఉపసంహరించారు. అప్పటికే ప్రపంచంలో వేలాది పిల్లలు కాళ్లూ చేతులూ సరిగా ఎదగకుండా పుట్టారు. ఆమె ధైర్యాన్ని అందరూ పొగుడుతారు, పొగడాల్సిందే. కానీ ఆ ధైర్యం వెనక, 23 ఏళ్ల కిందట విద్యార్థిగా తన కళ్లతో చూసినది ఉంది. కుందేలు పిల్ల గురించి తాను రాసుకున్న నిజమైన అంకెలు ఉన్నాయి. కాపీ కొట్టిన రికార్డు ఎవరికీ అలాంటి ప్రశ్న వేసే బలాన్ని ఇవ్వదు.

ఉద్యోగంలో చేరాక కంపెనీలే నేర్పించుకుంటాయిలే అనే వాదన ఒకటి వినిపిస్తుంది. మేము ఒప్పుకోం. పరిశ్రమలో నియమం స్పష్టంగానే ఉంది. రాయనిది చేయనట్టే. చేసిన వెంటనే రాయాలి. తప్పు రాస్తే ఒక్క గీతతో కొట్టి, కింద అంకె కనబడేలా ఉంచి, సంతకం, తేదీ వేయాలి. 1993లో అమెరికాలో ఒక కోర్టు, ఫెయిలైన శాంపిల్‌ను పాసయ్యేదాకా మళ్లీ మళ్లీ పరీక్షించి, చివర వచ్చిన మంచి అంకెను పట్టుకుని బ్యాచ్ వదలడం కుదరదని తేల్చిచెప్పింది. 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, 2018లో అమెరికా నియంత్రణ సంస్థ డేటా నిజాయితీ మీద విడిగా మార్గదర్శకాలు ఇచ్చాయి. ఇన్నేళ్ల తర్వాత కూడా ఇంత వివరంగా రాయాల్సి వచ్చిందంటే జబ్బు లోతుగానే ఉందని అర్థం. విద్యార్థి దశలో ఏళ్ల తరబడి అంకెలు సర్దిన చేతిని ఒక వారం ట్రైనింగ్ మార్చేస్తుందని ఎలా నమ్మాలి?

ఇబ్బందులు లేవని మేము అనడం లేదు. ప్రాక్టికల్ చేయించే ఒక డెమాన్‌స్ట్రేటర్‌కు అంతమంది విద్యార్థులు, ఉన్న ఒక్క స్పెక్ట్రోఫోటోమీటర్ ముందు క్యూ, కట్టేసిన సమయం. ప్రయోగం తప్పితే మళ్లీ చేసుకునే వ్యవధి ఉండదు, రసాయనాలకు ఖర్చవుతుంది. రికార్డులు దిద్దే టీచర్‌కు కూడా ఒకే అంకె ఉన్న రికార్డులు దిద్దడమే సులువు. సిలబస్ ఏడాదికేడాది పెరుగుతూ పోతుంది గానీ ప్రాక్టికల్ గంటలు పెరగవు. మా అభిప్రాయంలో ముందుగా తగ్గాల్సింది ప్రయోగాల జాబితా. ఇరవై ప్రయోగాలు హడావుడిగా చేయించి ఇరవైకీ అంకెలు సర్దించడం కన్నా, పది ప్రయోగాలు రెండేసిసార్లు చేయించడం మేలు. మొదటిసారి ఎందుకు తప్పిందో రెండోసారి తెలుస్తుంది. వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, నిర్వచనాలు అప్పజెప్పించే బదులు, నీకు 87 ఎందుకు వచ్చింది అని అడిగితే విద్యార్థికి టెన్షన్ తగ్గుతుంది, ఎగ్జామినర్‌కు అసలు సంగతి తెలుస్తుంది.

ప్రాజెక్టుల విషయంలోనూ ఇదే వరస. మందు పాలిమర్‌తో కలవలేదు, నిలకడ పరీక్షలో జెల్ విడిపోయింది అని రాసిన థీసిస్‌కు కూడా మంచి మార్కులు రావాలి. ఫలానా పద్ధతి పనిచేయదని నిజాయితీగా చూపించినా అది కూడా పరిశోధనే. అది బయటికి రాకపోతే తర్వాతి బ్యాచ్ విద్యార్థి అదే గోతిలో మళ్లీ ఆరు నెలలు పోగొట్టుకుంటాడు. పనిచేసిన ఫార్ములాలే అల్మారాకెక్కి, పనిచేయనివి చెత్తబుట్టలోకి పోయే డిపార్ట్‌మెంట్‌లో సగం జ్ఞానం ఏటా పారేస్తున్నట్టే.

ఇందులో కొంత పనికి డబ్బు కావాలి, సిబ్బంది కావాలి, సిలబస్ కమిటీలు కూర్చోవాలి. ఒక్క మార్పుకు మాత్రం అవేవీ అక్కర్లేదు, వచ్చే సెమిస్టర్ నుంచే పెట్టొచ్చు. ప్రాక్టికల్ మార్కుల్లో సగం చివరి అంకెకు కాకుండా, ల్యాబ్‌లో కూర్చుని పెన్నుతో రాసిన ముడి రీడింగులకూ, తేడా వచ్చినచోట విద్యార్థి రాసిన కారణానికీ కేటాయించాలి. ఆ పేజీ మీద డెమాన్‌స్ట్రేటర్ అదే పూట సంతకం చేయాలి. 113 వచ్చినా, 87 వచ్చినా.