ప్రేరణ గురించి అడగండి, పాల గురించి వద్దు

శ్రీకాళహస్తికి కెమెరా పట్టుకుని బయల్దేరేవాళ్ళకు ముందుగా ఒక హెచ్చరిక. అక్కడ గుడ్డ మీద వెదురు కలంతో బొమ్మలు వేసే కలంకారీ కళాకారులకు ఒక దురలవాటు ఉంది. ఏది అడిగితే దానికి సమాధానం చెప్పేస్తారు. కాబట్టి అడిగేవాళ్ళే ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. నోరు జారి "ఈ గుడ్డ ఇలా పసుపచ్చగా ఉందేమిటండీ?" అన్నారో, కరక్కాయ దగ్గర ఎత్తుకుని పటిక దాకా వెళ్ళిపోతారు. మెమరీ కార్డు నిండిపోతుంది. చూసేవాళ్ళకు విషయం అర్థమైపోతుంది. అర్థమయ్యాక ఇక దాన్ని ఇంటర్వ్యూ అని ఎవరంటారు?

మన ఛానెళ్ళూ ఆదివారం అనుబంధాలూ ఈ ప్రమాదాన్ని ఏళ్ళ తరబడి ఎంతో నేర్పుగా తప్పించుకుంటూ వస్తున్నాయి. ఆ నేర్పు మరుగున పడిపోకుండా, కొత్తగా మైకు పట్టిన తరానికి అందించాలన్నదే ఈ వ్యాసం సదుద్దేశం.

మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే ఉండాలి. "సార్, మీకు ఇన్‌స్పిరేషన్ ఎక్కడి నుంచి వస్తుంది?" ఆశించే జవాబు "అంతా స్వామివారి దయ". కానీ కొందరు మొండివాళ్ళు ఉంటారు. "ముందు పాలు రావాల కదా నాయనా" అంటారు. ఇది జోకనుకుని నవ్వేసి ముందుకు వెళ్ళిపోండి. జోకు కాదని తెలిస్తే ఇరుక్కుపోతారు.

ఎందుకంటే గంజి పోయేదాకా ఉతికిన గాడా అనే ముతక నూలు గుడ్డను కరక్కాయ పొడి కలిపిన పచ్చి గేదె పాలలో ముంచి, సమంగా పిండి, ఎండలో ఆరవేస్తే తప్ప దాని మీద కలం పెట్టడానికి లేదు. కరక్కాయలోని వగరు లేకపోతే నలుపు పట్టదు. పాలలోని వెన్న లేకపోతే గీత నిలవదు, పక్కకు పాకుతుంది. పాకెట్లో వచ్చే టోన్డ్ పాలలో వెన్న 3 శాతం. గేదె పాలలో దానికి రెట్టింపు. పాలబ్బాయి ఆ పూట చెంబెడు నీళ్ళు ఎక్కువ పోశాడంటే సీతమ్మవారి ముక్కు శూర్పణఖ ముక్కు దాకా వస్తుంది. పిండేటప్పుడు ఒక మూల తడి ఎక్కువ నిలిస్తే అక్కడ మచ్చ. మబ్బు పట్టి గుడ్డ ఆలస్యంగా ఆరితే పులిసిన వాసన, అది వారాల తరబడి పోదు. కలిపి పెట్టుకుని "టీ తాగొచ్చి ముంచుదాంలే" అనుకుంటే గిన్నెలో పాలు విరిగి, ముద్దలు గుడ్డకు అంటుకుంటాయి. అంటే పొద్దున ఏడింటికి ఈ కళాకారుడి సృజనాత్మక జీవితంలో అందరికన్నా ముఖ్యుడు పాలబ్బాయి. అతన్ని ఇంటర్వ్యూ చేయమని మాత్రం ఎవరూ సలహా ఇవ్వరు, నేనూ ఇవ్వను. థంబ్‌నెయిల్‌కు పనికిరాడు.

తరువాతి ప్రశ్న: "ఏమీ తోచని రోజులు ఉంటాయా సార్?" రచయితలను అడిగితే కళ్ళు మూసుకుని అరగంట చెబుతారు. ఇక్కడ "ఉంటాయి. కుండ పులవనప్పుడు" అని రెండు ముక్కల్లో తేలుతుంది. కుండంటే కసిం కుండ. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్ళు వేసి మూతి కట్టి రెండు మూడు వారాలు వదిలేస్తారు. ఆ నీళ్ళు వడగడితే అదే నలుపు. కుండలో చూస్తే నలుపులా ఉండదు, చిక్కటి టీ డికాక్షన్ లాగా ఉంటుంది. కరక్కాయ పట్టిన గుడ్డ మీద గీత పడ్డాకే, చూస్తుండగానే నల్లబడుతుంది. ఆత్రపడి వారానికే తీస్తే బూడిద రంగు గీతలు వస్తాయి. మరీ చిక్కగా పట్టిస్తే మొదట అందంగానే ఉంటుంది, కానీ ఆ ఇనుము ఏళ్ళ మీద గుడ్డను కొరికేస్తుంది. పాత కలంకారీ తెరల్లో సరిగ్గా నల్లగీతల దగ్గరే చిరుగులు ఉండటానికి కారణం ఇదే. దీన్నంతా "క్రియేటివ్ బ్లాక్" కింద వేస్తే ప్రేక్షకుడు నిద్రపోతాడు గనక, నేపథ్యంలో వేణువు పెట్టి దాటించండి.

ఇక అత్యంత ముఖ్యమైన ఘట్టం: "కెమెరా కోసం ఒక గీత గీయండి సార్."

కలం అంటే మొన తీసిన వెదురు పుల్ల. మొనకు కాస్త పైన ఉన్నినో పాత గుడ్డనో బొద్దుగా చుట్టి దారంతో బిగిస్తారు. ఆ బొద్దు రంగును తాగి దాచుకుంటుంది. వేళ్ళతో నొక్కితే మొనలోకి దిగుతుంది. గీత సన్నమా లావా అన్నదంతా ఆ నొక్కులో ఉంది. ఒక్క పిసరు ఎక్కువైతే బొట్టు. చింతపుల్ల బొగ్గుతో వేసుకున్న చిత్తు గీతను దులిపేయవచ్చు గానీ, కసిం పడ్డాక చెరిపే రబ్బరు ఇంతవరకు ఎవరూ కనిపెట్టలేదు. అందుకే ఈ పని ఊపిరి బిగబట్టి చేస్తారు. సరిగ్గా ఆ సమయంలోనే కెమెరామన్ "సార్, ఇంకోసారి, కొంచెం నవ్వుతూ" అనాలి. తరువాత "ఈ యాంగిల్లో ఒకటి" అనాలి. కళాకారుడు గీసిన గీత మీదే మూడుసార్లు గీస్తాడు, పాపం, మొహమాటస్తుడు. హనుమంతుల వారి తోక మూడింతలు లావవుతుంది. కొన్నవాడికి అది శైలి అని చెప్పుకోవచ్చు.

దశలు ఎన్నో అడగడం మరవొద్దు. కొందరు 17 అంటారు, కొందరు 23 అంటారు. పెద్ద అంకె ఎంచుకుని టైటిల్లో పెట్టండి. ఏ దశ తరువాత ఏది అని మాత్రం అడగొద్దు. అడిగితే పటిక వస్తుంది. పటిక వచ్చిందంటే ఆ పూటకు అంతే.

పటిక సంగతి ఇదీ. ఎరుపు రావాల్సిన చోటల్లా ముందు పటిక నీళ్ళు రాస్తారు. పటికకు రంగు లేదు. ఎక్కడ రాశారో, ఎక్కడ చింది పడిందో సరిగా కనబడదు. రాశాక కనీసం ఒక రోజు అలాగే ఉంచాలి, పోగులో ఇంకాలి. తరువాత పారే నీళ్ళలో ఉతకాలి. నిలవ నీళ్ళు పనికిరావు. గుడ్డ మీంచి వదిలిన పటిక ఆ నీళ్ళలోనే తిరిగి తిరిగి, వద్దన్న చోట కూర్చుంటుంది. తరువాత ఆ గుడ్డను చిరివేరు, మంజిష్ఠ లాంటి ఎర్రరంగు ఇచ్చే వేర్లతో గంగాళంలో కాచినప్పుడు, పటిక ఉన్న చోటల్లా ఎరుపెక్కుతుంది. మంగళవారం చెయ్యి వణికి రాలిన చుక్క శుక్రవారం రాముడి బుగ్గ మీద మొటిమై లేస్తుంది. మంట కూడా మెల్లగా పెంచాలి. ఆత్రపడి కుతకుతా ఉడికిస్తే మంజిష్ఠ ఎరుపు కాస్తా గోధుమ రంగుకు తిరుగుతుంది. కాచాక గుడ్డంతా గులాబిగా మురికి పట్టినట్టుంటుంది. పేడనీళ్ళలో నానబెట్టి, ఇసుక మీద పరిచి, నీళ్ళు చల్లుతూ ఎండబెడితే గానీ బొమ్మ చుట్టూ ఉన్న గుడ్డ తెల్లబడదు. అప్పుడు మళ్ళీ పాలు. ఆ తరువాత పసుపు, నీలం, పసుపు మీద నీలం పడ్డచోట ఆకుపచ్చ.

పారే నీళ్ళన్నాం కదా. శ్రీకాళహస్తి ఆనుకుని స్వర్ణముఖి ఉంది. అందులో ఏడాదిలో చాలా నెలలు పారేది ఇసుకే. బోరు నీళ్ళతో ఉతుకుతారు. ఆ బోరులో ఇనుము ఎక్కువుంటే ఎరుపు మసకబారుతుంది. కళాకారుడి నిజమైన సృజన సంక్షోభం ఏమిటంటే ఈ బోరు నీళ్ళే. కానీ నది ఒడ్డున సూర్యాస్తమయంలో కళాకారుడు నడిచి వచ్చే షాటు మన సంప్రదాయం. నీళ్ళు లేకపోయినా పరవాలేదు, డ్రోను ఎత్తు పెంచండి.

ఇంటర్వ్యూ ఒక్కరితోనే ఉండాలన్నది కూడా గట్టి నియమం. పెద్ద తెర ఒకరి పని కాదు. రూపురేఖలు ఒకరు వేస్తే రంగులు నింపేది, ఉతికేది, ఎండబెట్టేది ఇంకొందరు. వాళ్ళలో ఆడవాళ్ళు చాలామంది. మొన గుండ్రంగా అరగదీసిన మరో కలంతో, గీత దాటకుండా చీర కొంగంతా పసుపు నింపుతున్న ఆవిడ మీ ఫ్రేములో కుడివైపు కనబడుతుంది. "అమ్మా, కొంచెం పక్కకు జరగండి" అనండి. టీ తెచ్చేటప్పుడు మళ్ళీ కనబడుతుంది, అది ఉంచుకోవచ్చు. "కుటుంబం సహకారం" అన్న మాట వచ్చినప్పుడు ఆ ముక్క అతికించండి.

అంతరించిపోతున్న కళ అన్న మాట కనీసం నాలుగుసార్లు రావాలి. ఈ కళ నిజంగానే చావుబతుకుల్లో ఉన్న కాలం ఒకటుంది. చేతివృత్తులను నిలబెట్టడానికి పాటుపడ్డ కమలాదేవి చటోపాధ్యాయ లాంటివాళ్ళ పట్టుదలతో 1957లో శ్రీకాళహస్తిలో శిక్షణ కేంద్రం పెట్టారు. అక్కణ్ణుంచి పని నేర్చినవాళ్ళు బయటికొచ్చారు. 2008లో ఇక్కడి కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప చెట్టికి పద్మశ్రీ వచ్చింది. అయినా సరే, ప్రతి ఇంటర్వ్యూలోనూ ఇది చచ్చిపోతూనే ఉండాలి. అలా బల్లగుద్ది చెప్పాల్సిన యాంకరమ్మ ఒంటి మీద బుద్ధుడి ముఖాలున్న డిజిటల్ ప్రింటు "కలంకారీ" జాకెట్టు ఉంటుంది. లోపలి వైపు తిప్పి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంటుంది. చేత్తో వేసినదైతే రంగు అవతలికి దిగుతుంది, గీత ఒక్కోచోట ఒక్కో మందం ఉంటుంది. కళాకారుడు ఆ జాకెట్టు చూస్తాడు, ఏమీ అనడు. ఆ మౌనాన్ని "కళ్ళలో చెమ్మ" అని రాసుకోండి. అచ్చుల గురించి కూడా ఆయన్నే అడిగేయండి. చెక్క అచ్చులతో అద్దేది మచిలీపట్నం, పెడన వైపు అనీ, ఇక్కడ చేసేది కలం పని అనీ ఆయన సర్దిచెప్పబోతే సమయాభావం ఉండనే ఉంది.

ఇంత చెప్పాక ఒక చేదు నిజం ఒప్పుకోక తప్పదు. ఈ పని చేసేవాళ్ళను సరైన ప్రశ్నలు అడిగినవాళ్ళు చరిత్రలో లేకపోలేదు. వాళ్ళు కళాభిమానులు కారు. 1734 ప్రాంతంలో బోల్యూ అనే ఫ్రెంచి నౌకాధికారి పుదుచ్చేరిలో ఈ అద్దకాన్ని మొదట్నుంచి చివరిదాకా కళ్ళముందు చేయించుకుని చూశాడు. ఒక్కో దశ కాగానే గుడ్డ ముక్క కత్తిరించి, రాసుకున్న వివరాలకు జతచేసి పంపాడు. 1742లో కూర్దూ అనే జెస్యూట్ పాదిరీ ఇదే పని మీద ఫ్రాన్సుకు పెద్ద ఉత్తరం రాశాడు. తెలుగు నేర్చి, తెలుగు-ఫ్రెంచి నిఘంటువు కూర్చిన మనిషి. తమ మతంలోకి వచ్చిన అద్దకంవాళ్ళను కూర్చోబెట్టి కరక్కాయ, గేదె పాలు, పటిక, చిరివేరు అన్నీ విప్పి చెప్పించుకున్నాడు. ఫ్రాన్సులో అప్పటికి ఇలాంటి బట్టల మీద 1686 నుంచీ నిషేధం నడుస్తోంది, 1759 దాకా తీయలేదు. వద్దన్న బట్టను తయారుచేసే పద్ధతి మాత్రం వాళ్ళకు కావాలి. ప్రేరణ ఎక్కడినుంచి వస్తుందని కూర్దూ అడిగినట్టు ఎక్కడా లేదు. రహస్యం పట్టుకుపోవడానికి వచ్చినవాడు అడిగినన్ని వివరాలు, కళను కాపాడటానికి వచ్చినవాళ్ళెవరూ ఇంకా అడగలేదు. ఇది మన సంస్కారానికి నిదర్శనం.

చివరి ప్రశ్న: "యువతకు మీ సందేశం?" దీనికి ఎప్పుడూ తిరుగుండదు. ఒకాయన "పిండేటప్పుడు ఒకే దిక్కుగా మెలెయ్యండి, లేకుంటే చారలు పడతాయి" అన్నాడనుకోండి, అది సందేశం కాదు. "కష్టపడితే పైకి వస్తారు" అనే వరకు అడుగుతూనే ఉండాలి. ఈలోగా పాలలో ముంచిన మరో గుడ్డ మీ లైటు స్టాండు నీడలో సగం ఆరి సగం ఆరక ఉంటుంది. అది రేపటికి రెండు రంగులు తేలుతుంది. మీ తప్పు కాదు.

సత్కారం మరవకండి. శాలువా కప్పి ఫొటో తీసుకోవాలి. శాలువా పాలిస్టరుదే కొనండి, బడ్జెట్టు కలిసొస్తుంది. మీరు వెళ్ళాక కళాకారుడు దాన్ని ఏంచేయాలా అని అటూ ఇటూ తిప్పి చూస్తాడు. పాలిస్టరుకు కరక్కాయ పట్టదు, బొమ్మ వేయడానికి లేదు. పోనీ గంగాళం దింపడానికి మసిగుడ్డగా వాడదామంటే, వేడికి కరిగి చేతికి అంటుకుంటుంది.