ద్రాక్షరకానికొక పాట ఉందన్న మాట నిలవదు

కొన్ని వారాలుగా విజయనగరం, శ్రీకాకుళం వాట్సాప్ గ్రూపులలో ఒక పోస్టు చేతులు మారుతోంది. వైన్ చేసే ప్రతి ద్రాక్షరకానికీ స్వభావసిద్ధంగా సరిపడే సంగీతం ఒకటి ఉంటుందనీ, స్కాట్లండు శాస్త్రవేత్తలు దీనిని నిరూపించారనీ, సరైన పాట వింటూ తాగితే వైన్ 60 శాతం రుచిగా ఉంటుందనీ అందులో రాశారు. దాని కింద మన సినిమా పాటలతో ఒక జాబితా ఇచ్చారు. కాబర్నే సావిన్యాన్‌కు డప్పుల హోరున్న పాటలు, ఘంటసాల పద్యాలు. సావిన్యాన్ బ్లాంకుకు వేణువు. షార్డొనేకు హుషారైన డాన్సు పాటలు. మెర్లోకు నెమ్మదైన యుగళగీతాలు. రీస్లింగుకు సుశీల గొంతు. ఫ్రెంచి సంగీతం వినిపిస్తే జనం ఫ్రెంచి వైనే కొంటారనీ, వైన్ పీపాలకు పాటలు వినిపించే సంస్థలు ఉన్నాయనీ చివర రెండు సాక్ష్యాలు చేర్చారు.

నేను మా ఊరు విజయనగరంలోని సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకుని, ఆ తరువాత తొమ్మిదేళ్ళు విహారనౌకలలో వైన్ వడ్డించే ఉద్యోగం చేసినవాణ్ణి. రెండు వైపులా నాకు ఇష్టమైన విషయాలే కాబట్టి, ఈ పోస్టులోని మాటలను ఒక్కొక్కటిగా పరిశీలించకుండా ఉండలేకపోతున్నాను.

ముందుగా ఆ 60 శాతం సంగతి. ఆ అంకె కల్పితం కాదు. ఎడింబరోలోని హెరియట్-వాట్ విశ్వవిద్యాలయంలో ఏడ్రియన్ నార్త్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త చేసిన ప్రయోగం 2008లో వార్తలకెక్కింది. అందులో 250 మంది పాల్గొన్నారు. సగం మందికి కాబర్నే సావిన్యాన్ అనే ఎర్ర వైన్, మిగిలిన సగం మందికి షార్డొనే అనే తెల్ల వైన్ ఇచ్చారు. వారిలో కొందరికి బరువైన, శక్తిమంతమైన సంగీతంగా కార్ల్ ఆర్ఫ్ రచన కార్మినా బురానాను, కొందరికి సున్నితమైనదిగా చైకోవ్‌స్కీ నృత్యసంగీతాన్ని, కొందరికి హుషారైన పాటను, కొందరికి మెత్తగా సాగే సంగీతాన్ని వినిపించారు; మరికొందరు నిశ్శబ్దంలో తాగారు. తరువాత ఆ వైన్ ఎంత బరువుగా ఉంది, ఎంత సున్నితంగా ఉంది, ఎంత హుషారుగా ఉంది, ఎంత మెత్తగా ఉంది అని అడిగి మార్కులు వేయించారు. నిశ్శబ్దంలో తాగినవారికంటే కార్మినా బురానా విన్నవారు కాబర్నేకు ‘బరువు’ విషయంలో 60 శాతం ఎక్కువ మార్కులు వేశారు. షార్డొనేకు హుషారైన పాటతో ‘హుషారు’ మార్కులు 40 శాతం పెరిగాయి.

కాబట్టి పెరిగినది బరువే గాని రుచి కాదు. బరువుగా తోచడం వేరు, బాగుందనిపించడం వేరు. బరువైన వైన్ ఇష్టం లేనివారికి ఆ 60 శాతం నష్టమే అవుతుంది. పైగా శాతం అనేది అసలు అంకె చిన్నదైనప్పుడు పెద్దగా కనబడుతుంది: ఉదాహరణకు పదికి 3 మార్కులు వేసేవారు 4.8 వేస్తే అది కూడా 60 శాతం పెరుగుదలే. ఇంకొక చిక్కు కూడా ఉంది. సంగీతాన్ని ఏ మాటలతో వర్గీకరించారో, వైన్‌ను కూడా అవే మాటలతో తూచమన్నారు. చెవిలో బరువైన పాట మోగుతున్న మనిషికి ‘బరువు’ అన్న మాట నాలుక చివరనే ఉంటుంది. నోటిలోని అనుభవమే మారిందా, లేక దానిని చెప్పడానికి అందుబాటులో ఉన్న మాట మారిందా అనేది ఆ ఒక్క ప్రయోగంతో తేలదు.

ఇక అసలు ప్రశ్న. సంగీతం వైన్ అనుభవాన్ని ప్రభావితం చేస్తుందని ఆ ప్రయోగం చెప్పిన మాటను నేను కాదనను. కాని ప్రతి ద్రాక్షరకానికీ తనదైన సంగీతం ఉందని అది చెప్పలేదు. ఎరుపు వైనైనా, తెలుపు వైనైనా, వినిపించిన సంగీతం ఏ గుణం కలదో రుచి మార్కులు ఆ గుణం వైపే మొగ్గాయి. అంటే పాట తన రంగును దొరికిన వైన్‌కల్లా పూసింది. ఫలానా ద్రాక్షను వెతుక్కుని దానితో జతకట్టలేదు. పోస్టు రాసినవారు దీనిని తలకిందులు చేశారు. పైగా ప్రయోగంలో రుచి చూపించినవి రెండే రకాలు. ఆ వార్తలతోపాటు 2008లో వెలువడిన సిఫారసుల జాబితాలోనే మెర్లో, సిరా అనే ద్రాక్షరకాలు కూడా చేరిపోయాయి. ఇప్పుడు మన పోస్టులో రీస్లింగు, సావిన్యాన్ బ్లాంకు కూడా వచ్చాయి. పరీక్షకు రాని రకాలకు కూడా నిరూపణ ముద్ర పడడం ఎంతమాత్రం సరికాదు.

ద్రాక్షల విషయానికి వస్తే ఈ జాబితా మరీ బలహీనమైనది. దీనిని కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్ళలో వైన్ షాపు అన్న బోర్డు వీధివీధినా ఉన్నా, కాబర్నేనూ షార్డొనేనూ పక్కపక్కన పెట్టి రుచి చూసే అవకాశం చాలామందికి రాదు. అందువల్ల ఇటువంటి జాబితాను నమ్మడం తప్ప సరిచూసుకునే వీలుండదు. కాబర్నేకు ‘బరువు’ అన్న పేరు రావడానికి ప్రధాన కారణం టానిన్లు. దాని పండు చిన్నది, తోలు మందం. తోలు నుంచీ గింజ నుంచీ దిగే టానిన్లు లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకోవడం వల్ల నాలుక బిగుసుకున్నట్టు అవుతుంది. పలాస వైపు జీడిమామిడి పండు కొరికినవారికి ఆ బిగువు కొత్త కాదు. అక్కడా కారణం టానిన్లే. ఉగాది పచ్చడిలో ఆరవ రుచిగా మనం లెక్కపెట్టే వగరు ఇదే. వగరుకు డప్పు ఎందుకు జత కావాలో, వీణ మంద్రస్థాయి ఎందుకు కాకూడదో పోస్టు ఎక్కడా చెప్పలేదు.

సావిన్యాన్ బ్లాంకును కాబర్నేకు పూర్తి వ్యతిరేక ధ్రువంగా నిలబెట్టి, ఒకదానికి డప్పు, ఒకదానికి వేణువు కేటాయించడం ఇంకా విచిత్రం. కాబర్నే సావిన్యాన్ అనే రకం, కాబర్నే ఫ్రాంక్ అనే ఎర్ర ద్రాక్షకూ సావిన్యాన్ బ్లాంకు అనే తెల్ల ద్రాక్షకూ పుట్టిన సంకరమని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ ప్రాంగణానికి చెందిన కరోల్ మెరెడిత్, జాన్ బవర్స్ 1997లో డీఎన్ఏ పరీక్షలతో వెల్లడించారు. పచ్చి క్యాప్సికం వాసననిచ్చే పైరజీన్లు ఈ రెండింటిలోనూ ఉంటాయి. వాసనలో అంత దగ్గర చుట్టరికం ఉన్న రెండు రకాలను వేరు చేసి చూపించేది డప్పో వేణువో కాదు. ఒకదానిని తోలుతో కలిపి పులియబెట్టడం, రెండవదాని రసాన్ని ముందే పిండి వేరుచేయడం.

షార్డొనే అయితే జాబితాకు అసలు లొంగదు. ఫ్రాన్సులోని షాబ్లీ ప్రాంతంలో ఓక్ చెక్క పీపా తగలకుండా చేసిన షార్డొనే సన్నగా, పుల్లగా ఉంటుంది. అదే ద్రాక్షను కొత్త ఓక్ పీపాలలో పులియబెట్టి, పుల్లని మాలిక్ ఆమ్లాన్ని మెత్తని లాక్టిక్ ఆమ్లంగా మారనిస్తే, అప్పుడు పుట్టే డైఅసిటైల్ అనే పదార్థం వల్ల వెన్న వాసనతో చిక్కగా తయారవుతుంది. నౌకలో ఈ రెండింటినీ ఒకే బల్ల మీద పెట్టినప్పుడు, ఇవి రెండూ ఒకే ద్రాక్ష అని చెబితే నమ్మని అతిథులను నేను ఎందరినో చూశాను. హుషారైన డాన్సు పాట ఈ రెండింటిలో దేనికి? రీస్లింగు కూడా అంతే. కటిక పులుపు నుంచి తేనె వంటి తీపి వరకు జర్మనీలో ఆ ఒక్క ద్రాక్షతోనే చేస్తారు. ద్రాక్షరకం అనేది రుచికి ఆరంభం మాత్రమే. నేల, ఎండ, కోత సమయం, పీపా, వడ్డించే చల్లదనం కలిసి దానిని ఎటైనా తీసుకువెళ్ళగలవు.

సంగీతం వైపు నుంచి చూస్తే నాకు బాధ కలిగించేది, మన చెవిని లెక్కలోకి తీసుకోకపోవడం. కార్మినా బురానాలోని బృందగానం, ఢంకాలు ఐరోపా శ్రోతకు భయాన్నీ బరువునూ తోపిస్తాయి. దానికి ఆ సంగీతం ఎంత కారణమో, దానిని సినిమాలలో, ప్రకటనలలో వాడిన తీరు కూడా అంతే కారణం. పైడితల్లి సిరిమాను కదిలేటప్పుడు మోగే డప్పులు మనకు బరువా, ఉల్లాసమా? రొమ్మున తప్పెట కట్టుకుని, కాళ్ళ గజ్జెలతో గిరగిర తిరుగుతూ పాడే తప్పెటగుళ్ళను చూసి ‘బరువుగా ఉంది’ అన్నవారిని నేను ఇంతవరకు వినలేదు. డప్పు ఉంటే బరువు, వేణువు ఉంటే తేలిక అనేది పడమటి జాబితాను మన పాటల మీద అతికించడమే. నార్త్ ప్రయోగంలోనైనా ఏ సంగీతం ఏ గుణాన్ని తోపిస్తుందో ముందుగా వేరే శ్రోతలను అడిగి తేల్చుకున్నారు. ఇక్కడ ఆ పని ఎవరూ చేయలేదు.

రీస్లింగుకు సుశీల గొంతు అన్న మాటలో కొంత ఆధారం ఉందని ఒప్పుకోవాలి. ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయంలో ఛార్లెస్ స్పెన్స్ బృందం చేసిన పరిశోధనలలో, జనం హెచ్చు శ్రుతిని తీపికీ పులుపుకూ, తగ్గు శ్రుతిని చేదుకూ జతచేయడం కనబడింది. 2012లో వెలువడిన ఒక ప్రయోగంలో, వెనుక వినిపించిన ధ్వనిని బట్టి ఒకే మిఠాయి కొంచెం చేదుగానో కొంచెం తీపిగానో తోచింది. కాని అది శ్రుతికీ రుచికీ ఉన్న సంబంధం. గాయనికీ ద్రాక్షకూ కాదు. ఆ లెక్కన పుల్లని షాబ్లీకి కూడా, మన ఉసిరికాయ రసానికి కూడా అదే గొంతు సరిపోవాలి. ఘంటసాల, సుశీల ఇద్దరూ ఈ ఊరి సంగీత కళాశాలలోనే చదివారు. ఘంటసాల మంద్రంలో ఎంత నిండుగా పాడగలరో తారస్థాయిలోనూ అంత నిండుగా నిలిచారు. ఒకే పద్యంలో రెండు స్థాయిలూ తాకే గొంతును ఒక్క సీసాకు కట్టివేయడం ఆ గొంతును వినకపోవడమే.

చివరి రెండు సాక్ష్యాలకు ఎక్కువ చోటు అక్కరలేదు. ఫ్రెంచి సంగీతం సంగతి నిజమే. 1997లో నేచర్ పత్రికలో వచ్చిన ఆ ప్రయోగంలో, ఇంగ్లండులోని ఒక సూపర్‌మార్కెట్లో ఫ్రెంచి సంగీతం మోగినప్పుడు 40 ఫ్రెంచి సీసాలూ 8 జర్మన్ సీసాలూ, జర్మన్ సంగీతం మోగినప్పుడు 12 ఫ్రెంచివీ 22 జర్మన్‌వీ అమ్ముడుపోయాయి. సంగీతం ఒక దేశాన్ని గుర్తుచేసింది, చేయి ఆ దేశపు సీసా వైపు వెళ్ళింది. అక్కడ ద్రాక్షరకం ప్రసక్తి లేదు, రుచి ప్రసక్తి అసలే లేదు. పీపాలకు పాటలు వినిపించేది చిలీలోని మోంతెస్ సంస్థ. 2008 ప్రయోగంలో వాడిన వైన్లు కూడా ఆ సంస్థవే. అది వారి ఆచారం, దానిని నేను తప్పుపట్టను. పాట వినిపించని పీపాను పక్కన పెట్టి పోల్చనంత వరకు అది సాక్ష్యం కాదు.

జాబితాను నిలబెట్టాలంటే చేయవలసిన పరీక్ష కష్టమైనది కాదు. రెండే వైన్లు, రెండే పాటలు చాలు. రంగు కనబడని గ్లాసులలో, ఒకే చల్లదనంతో పోయాలి. ఒకరి మాట ఒకరి చెవిన పడకుండా మనుషులను విడివిడిగా కూర్చోబెట్టాలి. ఎంత బరువు అని కాక, ఎంత బాగుంది అని అడగాలి. కాబర్నే దాని పాటతో మెరుగుపడి రీస్లింగు పాటతో తగ్గాలి; రీస్లింగు అందుకు సరిగ్గా ఎదురుగా నడవాలి. రెండు గ్లాసులూ ఒకే పాటకు ఒకే వైపు జరిగితే జాబితా ఓడినట్టు. నౌక ఉద్యోగం నాటి నల్ల గ్లాసులు ఆరు ఇప్పటికీ మా ఇంట్లో ఉన్నాయి. పోస్టు రాసినవారు పాటలు ఎంచుకుని వస్తే, సీసాలు విశాఖపట్నం నుంచి నేనే తెప్పిస్తాను.