వంశోద్ధారకుడికి కత్తెరా?

బెంగళూరులో మనవాళ్ల కుటుంబాల మీద ఒక దాడి జరుగుతోంది. సర్జాపూర్ రోడ్డులో గానీ మారతహళ్లిలో గానీ ఏ పెట్ క్లినిక్‌కి వెళ్లినా ఇదే తంతు. డాక్టర్‌గారు కుక్కకు రేబిస్ టీకా వేస్తారు, చెవుల్లోకి లైటు వేసి చూస్తారు, గోళ్లు కత్తిరిస్తారు, ఆ కత్తెర ఇంకా చేతిలో ఉండగానే తాపీగా అడుగుతారు: "న్యూటరింగ్ సంగతి ఏమనుకున్నారు?" అంటే పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్ అన్నమాట. అడిగేది ఎవరిని? ఒక్కగానొక్క లాబ్రడార్‌ను కన్నబిడ్డ కన్నా గారాబంగా పెంచుకుంటున్న తండ్రిని. అదీ ఆ బిడ్డ అక్కడే కూర్చుని వింటుండగా. నగరంలోని తెలుగు సంఘాలు ఉగాదికి పులిహోర పంచే పనిలో పడి ఈ విషయాన్ని గాలికొదిలేశాయి కాబట్టి, కలం నేను పట్టుకోవాల్సి వచ్చింది.

అవతలివాళ్ల వాదన వినకుండా తీర్పు చెప్పడం పెద్దమనుషుల పద్ధతి కాదు. డాక్టర్లు చెప్పేదేమిటంటే, వృషణాలు తీసేస్తే వాటికి గడ్డలు వచ్చే ప్రశ్నే ఉండదట. వయసు మళ్లిన మగకుక్కల్లో ప్రొస్టేట్ ఉబ్బి విసర్జనకు అవస్థపడటం, తోక పక్కన హెర్నియా దిగడం బాగా తగ్గుతాయట. పుట్టుకతో ఒకటి కిందికి దిగకుండా కడుపులోనే ఉండిపోయిన కుక్కకైతే ఆలస్యం చేయకూడదట, అది లోపలే కేన్సర్ గడ్డగా మారే ప్రమాదం ఎక్కువట. పెద్ద జాతి కుక్కలకు ఎముకలు ఎదిగేదాకా ఆగి చేస్తారట. ఎప్పుడు చేయాలన్నది జాతిని, బరువును బట్టి చెబుతారట. ఇవన్నీ కుక్క ఆరోగ్యానికి సంబంధించిన విషయాలు. మనం మాట్లాడుతున్నది పరువు గురించి. క్లినిక్ ఫైలు మీద కుక్క పేరు పక్కన ఉన్నది ఎవరి ఇంటిపేరు? మనది. రేపు తెగిపోయే వంశం ఎవరిదనుకుంటున్నారు మరి?

ఇక్కడ కొందరు అల్లుళ్లు అతితెలివి ప్రదర్శిస్తున్నారు. "మామయ్యా, ఊళ్లో మీ కోడెదూడలన్నిటికీ దగ్గరుండి చేయించింది మీరే కదా?" అని అడుగుతున్నారు. నిజమే, చేయించారు. పశువుల ఆసుపత్రి నుంచి కాంపౌండరు బర్డిజో అనే పొడుగాటి పటకారు పట్టుకొచ్చి, చర్మం తెగకుండా లోపలి నాళాలను నొక్కి చితగ్గొట్టి వెళ్లేవాడు. మత్తు సంగతి ఎత్తినవాళ్లు అరుదు. "ఒక్క పెళ్లయినా చేయకుండా ఎలారా" అని ఏ ఎద్దు తరఫునా ఏ మామయ్యా కండువాతో కళ్లు తుడుచుకున్న దాఖలా మాత్రం లేదు.

దీనికి నా సమాధానం సూటిగా చెబుతాను. ఎద్దు తెల్లారితే పొలానికి పోవాలి, బండి లాగాలి. దానికి వంశం గురించి ఆలోచించే తీరికెక్కడిది? మన చిన్నోడు అలా కాదు. ఫ్యాన్ కింద సోఫా మీద వెల్లకిలా పడుకుని ఉంటాడు. మన ఇళ్లలో వంశం నిలబడాలన్న పట్టింపు ఎప్పుడూ ఏ పనీ చేయనివాడి విషయంలోనే ఎక్కువ. శాస్త్రం తెలిసినవాళ్లెవరూ దీన్ని కాదనలేరు.

కాబట్టి ముందు సంబంధం చూడాలి, తర్వాతే ఆపరేషన్ మాట. బెంగళూరులో దీనికి కావాల్సిన వాట్సాప్ గ్రూపులకు కొదవలేదు. "అబ్బాయికి రెండేళ్లు, తెలుపు, చాలా సౌమ్యుడు, ఎవరినీ కరవడు." కెన్నెల్ క్లబ్ వాళ్ల పెడిగ్రీ కాగితం జాతకం లాంటిది. మూడు తరాలు చూస్తారు, తాతకు ఏవైనా పోటీల్లో కప్పు వచ్చిందా అని ఆరా తీస్తారు. తుంటి కీళ్ల ఎక్స్‌రే తీయించారా అని మాత్రం ఎవరూ అడగరు, అలా అడగడం వియ్యంకుల మధ్య మర్యాద కాదు. లాబ్రడార్లకూ జర్మన్ షెపర్డ్‌లకూ ఆ కీళ్ల జబ్బు తల్లిదండ్రుల నుంచే వస్తుందన్నది డాక్టర్ల చాదస్తం. ఇక లాంఛనాల దగ్గరికొస్తే మగపెళ్లివాళ్లకు ఎంతో కొంత రొక్కం, లేదా పుట్టిన పిల్లల్లో నచ్చినదాన్ని ముందుగా ఎంచుకునే హక్కు. వరకట్న నిషేధ చట్టం 1961లోనే వచ్చింది గానీ, దాన్ని రాసినవాళ్లు కుక్కల్ని మర్చిపోయారు. మగకుక్క తండ్రి ముఖంలో వెలుగు చూడాలంటే ఈ మాటలు జరుగుతున్నప్పుడే చూడాలి. సొంత కొడుకు పెళ్లిలో అడగలేకపోయిందంతా ఇక్కడ అడుగుతాడు.

తొమ్మిది వారాలు తిరిగేసరికి ఏడో ఎనిమిదో వంశోద్ధారకులు పుడతారు. మగపెళ్లివారు ఒకదాన్ని ఎంచుకుని తీసుకెళ్లాక ఆడపెళ్లివారి ఫోను ఎత్తడం మానేస్తారు. ఇది కూడా సంప్రదాయమే. మిగిలినవాటి ఫొటోలు స్టేటస్‌లోకి ఎక్కుతాయి: "మంచి ఇల్లు కావలెను." ఎనిమిది మంచి ఇళ్లు దొరకడం బెంగళూరులో పార్కింగ్ దొరకడమంత సులువేమీ కాదు. దొరికిన ఇళ్లలోనూ కొన్నింటి మంచితనం కుక్కపిల్ల సోఫా కొరికేదాకానే. వంశం అలా పెరిగి పెరిగి ఏ చెరువుగట్టు దగ్గరో మెడకు బెల్టుతో సహా తేలుతుంది. 1991లో బెంగళూరులో మొదలైన క్యూపా అనే జంతు సంక్షేమ సంస్థ, ఇళ్లవాళ్లు వదిలించుకున్న కుక్కలకు మళ్లీ ఇల్లు వెతికిపెట్టడానికి విడిగా ఒక కేంద్రమే నడుపుతోంది. మన వంశాభిమానం అక్కడ కూడా నాలుగు మెతుకులు తింటోందంటే గర్వించాల్సిన విషయమే.

ఆడపిల్ల సంగతికొస్తే, "ఒక్క కాన్పు అయితే ఒళ్లు గట్టిపడుతుంది, ఆ తర్వాత చేయిద్దాం" అన్న మాట నెల్లూరు నుంచి అనంతపురం దాకా ప్రతి ఇంట్లోనూ ఒకే స్వరంలో వినబడుతుంది. ఏ పుస్తకంలో ఉందని డాక్టర్లు అడుగుతారు. అమ్మమ్మ చెప్పిన మాటకు పుస్తకమేమిటి? నిజానికి మొదటిసారి హీట్‌కి, అంటే ఎదకు, రాకముందే గర్భసంచి, అండాశయాలు తీసేస్తే రొమ్ము గడ్డల ప్రమాదం దాదాపు పోతుందని, ప్రతి హీట్ గడిచేకొద్దీ ఆ లాభం కరిగిపోతుందని వాళ్లు చెబుతూనే ఉన్నారు. కాన్పు వల్ల ఆ లెక్కలో కలిసొచ్చేదేమీ లేదు.

అంతకన్నా పెద్ద చిక్కు గర్భసంచిలో చీము పట్టడం. క్లినిక్‌లో దీన్ని పయోమెట్రా అంటారు. ఆపరేషన్ చేయించని, వయసు పైబడిన ఆడకుక్కకు హీట్ అయిపోయిన కొన్ని వారాలకు వస్తుంది. అదేపనిగా నీళ్లు తాగుతుంది, మాటిమాటికీ మూత్రానికి పోతుంది, తిండి మానేస్తుంది, మూలన పడుకుంటుంది. ద్వారం తెరుచుకుని ఉంటే చీము బయటికి కనబడుతుంది, ఇంటివాళ్లు హడలిపోయి తీసుకొస్తారు, అది దాని అదృష్టం. ద్వారం మూసుకుపోతే బయటికి ఏమీ కనబడదు. పొట్ట పెరుగుతుంది. "పెరుగన్నం ఎక్కువైంది" అంటారు ఇంట్లో. ఏడాది వయసులో ఒక పొద్దున నింపాదిగా అయిపోవాల్సిన ఆపరేషన్ తొమ్మిదో ఏట అర్ధరాత్రి మొదలవుతుంది. ఈలోగా విషం రక్తంలోకి ఎక్కుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి, సెలైన్ ఎక్కుతూ ఉంటుంది. చీముతో ఉబ్బిన సంచి ఎప్పుడు పగులుతుందో తెలియక సర్జన్ దాన్ని రెండు చేతులతో నెమ్మదిగా బయటికి తీస్తాడు. ఇంతా చేసి తీసేది అప్పట్లో తీస్తానన్న అదే గర్భసంచి. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ పంచాంగం తెరవరు, నెల్లూరుకి ఫోను చేయరు. పద్ధతి తెలిసిన కుటుంబాలు కూడా ఇలా దిగజారిపోవడం నాకు నచ్చలేదు.

పట్టపగలు కూడా ఇలాంటి దిగజారుడు చూస్తున్నాం. ఎండాకాలంలో కుక్క బంగినపల్లి టెంక మింగిందనుకోండి, లేదా బాబుగారి సాక్సు. పేగుకు అడ్డం పడుతుంది, వాంతులు ఆగవు, స్కానింగ్‌లో తేలుతుంది. కడుపు కోయాలి, పేగు నల్లబడితే ఆ ముక్క కోసి రెండు కొసలూ కుట్టాలి. న్యూటరింగ్‌తో పోలిస్తే ఎన్నో రెట్లు పెద్ద ఆపరేషన్. అయినా సిల్క్‌బోర్డు దగ్గర హారన్ మీద చెయ్యి తీయకుండా కారు నడిపి వచ్చిన ఆ తండ్రే కాగితం చదవకుండా సంతకం పెట్టేస్తాడు. పేగు పోతే పరువు పోదు కదా.

సరే, ఎన్నో వాయిదాల తర్వాత ఇంటివాళ్లు ఒప్పుకున్నారే అనుకుందాం. మంగళవారం వద్దు, అమావాస్య వద్దు, అష్టమి వద్దు, ఇంటి ఇల్లాలికి తారాబలం కుదరాలి. కుక్క జన్మ నక్షత్రం అమ్మినవాడికి తెలియదు కాబట్టి పేరులోని మొదటి అక్షరాన్ని బట్టి చూస్తారు. సింబా అని పెట్టారా, సింబు అని పెట్టారా అన్నది అప్పుడు తేల్చుకుంటారు. ఇన్ని కుదిరాక ఆ రోజు డాక్టర్‌గారికి కుదరదు.

కుదిరిన రోజున ముందటి రాత్రి నుంచి తిండి పెట్టొద్దని క్లినిక్ వాళ్లు కాగితం మీద రాసి, చదివి వినిపించి, మళ్లీ మెసేజ్ పెడతారు. మత్తులో వాంతి అయితే కడుపులో ఉన్నది ఊపిరితిత్తుల్లోకి పోతుంది, ప్రాణం మీదికి వస్తుంది. ఇంత కఠినమైన నియమాన్ని మనవాళ్లు ఎలా గౌరవించారో చూడండి. పొద్దున్నే ఆరింటికి నానమ్మ లేచింది. పిల్లాడు గిన్నె దగ్గర నిలబడి తోక ఊపాడు. శుభమా అని ఆపరేషన్‌కి వెళ్తూ ఖాళీ కడుపా? రెండే ఇడ్లీలు పెట్టింది, నెయ్యి కూడా కొంచెమే. డాక్టర్‌గారు ఆపరేషన్ రద్దు చేస్తే, కొడుకు ఇన్నేళ్ల బెంగళూరు కాపురంలో నేర్చుకున్న మొత్తం కన్నడాన్ని బయటికి తీశాడు: "సార్, స్వల్ప అడ్జస్ట్ మాడి." నగరంలో ఈ మాటకు లొంగని చోటు ఆపరేషన్ థియేటర్ ఒక్కటే. దీన్ని భాషాభిమానులు గమనించాలి.

ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ముందు రక్తపరీక్ష, తర్వాత మత్తు, గొంతులో ట్యూబు, చిన్న కోత, కుట్లు. మగకుక్క అయితే సాధారణంగా సాయంత్రానికి ఇంటికొచ్చేస్తుంది. చెప్పుకోవాల్సింది ఇంట్లోని మగవాళ్ల పరిస్థితి. కుక్క మత్తు వదలగానే గిన్నె ఎక్కడని వెతుక్కుంటుంది. తండ్రి మాత్రం కాళ్లు దగ్గరగా పెట్టుకుని సోఫాలో కూర్చుని, ఎవరు పలకరించినా "వాడి ముఖం చూడలేకపోతున్నా" అంటాడు. బావమరిది పరామర్శకు వచ్చి గొంతు తగ్గించి మాట్లాడతాడు. ఈ పది పన్నెండు రోజులూ కుక్క మెడకు ప్లాస్టిక్ కోన్ ఉంటుంది, కుట్లు నాకకుండా. దాన్నీ "పాపం, అద్దం ముందు సిగ్గుపడుతున్నాడు" అని మూడోనాటికి తీసేస్తారు. కుట్లు ఊడతాయి, మళ్లీ క్లినిక్. ఆర్నెల్లకు వాడు లావెక్కితే ఆ ఆపరేషన్ వల్లేనని ఊరంతా చెబుతారు. ఆపరేషన్ తర్వాత తిండి అవసరం తగ్గుతుందని, గిన్నెలో కొలత తగ్గించమని డాక్టర్ చెప్పిన సంగతి నానమ్మ ఇడ్లీల కింద పడి నలిగిపోయి ఉంటుంది.

ఖర్చు మాట కూడా పరువు అయిపోయాక వస్తుంది. పశువైద్య సేవలకు కేంద్రం జీఎస్టీ మినహాయింపు ఇచ్చింది. 1958లో పెట్టిన హెబ్బాళ వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి వెళ్తే ప్రైవేటు కన్నా తక్కువలో అవుతుంది. అయినా సరే, చిన్నోడి పుట్టినరోజుకు చికెన్ కేకు చేయించిన ఇంట్లోనే "దీనికింతా?" అని అడుగుతారు.

ఇక మా గేటు దగ్గర పడుకునే నల్లకుక్క గురించి. దాని చెవి కొన చిన్నగా కత్తిరించి ఉంటుంది, అంటే ఆపరేషన్ అయిపోయిందని గుర్తు. కార్పొరేషన్ బండి వచ్చింది, వలేసి పట్టుకెళ్లింది, ఆపరేషన్ చేసి, రేబిస్ టీకా వేసి, కొన్నాళ్లకు తెచ్చి అదే గేటు దగ్గర వదిలింది. పట్టుకున్న చోటే వదలాలని 2023 నాటి నిబంధనలు చెబుతున్నాయి. ఈ పద్ధతి కొత్తదేమీ కాదు, చెన్నైలో బ్లూక్రాస్ అనే జంతు సంక్షేమ సంస్థ వాళ్లు 1964లోనే మొదలుపెట్టారు. దానికి తారాబలం ఎవరూ చూడలేదు, దాని వంశం గురించి ఏ మామయ్యా కండువా తడుపుకోలేదు. వాచ్‌మన్ ఒకడే "ఎక్కడికి పోయావే" అని అడిగి బన్ను పెట్టాడు. పిల్లల్లేవు, చీము భయం లేదు, వెనకాల కొట్లాడుకునే మగకుక్కల గుంపు లేదు. హాయిగా ఉంది. కుటుంబమంటూ లేకపోతే ఎంత దిక్కులేని బతుకవుతుందో చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

అందుకే క్లినిక్‌ల ముందు నా డిమాండ్లు ఉంచుతున్నాను. సమ్మతి పత్రం మీద యజమాని సంతకం ఒక్కటే అడగడం నియంతృత్వం. మేనమామకు, పెద్దత్తయ్యకు, డల్లాస్‌లో ఉన్న పెద్దబ్బాయికి తలా ఒక గడి ఉండాలి. థియేటర్ గోడకు గుండె కొట్టుకునే లెక్క చూపే మానిటర్ పక్కనే పంచాంగం తగిలించాలి. ఆపరేషన్ అయిన కుక్కల తండ్రులకు విడిగా ఒక రికవరీ గది, అందులో ఫిల్టర్ కాఫీ, వారం రోజుల మెడికల్ సర్టిఫికెట్ ఇవ్వాలి. వాయిదా కోరే కుటుంబాలు కారణం రాసుకోవడానికి కౌంటర్ దగ్గర ఒక పుస్తకం పెట్టాలి. మా అపార్ట్‌మెంట్‌కు మాత్రం రెండు పంపితే మంచిది, ఆషాఢం దగ్గరపడుతోంది.