గ్రాఫింగ్ కాలిక్యులేటర్ గారికి, మైనస్ బాధితుడు రాయునది ఏమనగా

మహారాజశ్రీ గ్రాఫులు గీసే కాలిక్యులేటర్ గారికి,

మా నాయనమ్మ తాతయ్య పేరు ఏనాడూ పలకలేదు. నేనూ మీ పేరు రాయను. పెద్దవారు కదా! మీ లోపలున్న జడ్80 రకం ప్రాసెసర్ 1976లో పుట్టింది, మా నాన్న కంటే ముందు. తెర చూస్తే 96 చుక్కల వెడల్పు, 64 చుక్కల ఎత్తు. దీనికి వంద డాలర్ల పైనే పోసి, "రూపాయల్లోకి మార్చి చూడకు" అని నాన్న అమ్మతో అన్నాడు. అమ్మ అప్పటికే మార్చేసింది, మీ సాయం లేకుండా.

గుంటూరులో టెన్త్ దాకా ఇరవై ఎక్కాలూ నోటికి అప్పజెప్పినవాణ్ణి. అక్కడ పరీక్ష హాల్లో మీరు జేబులో దొరికితే కాపీ కేసే. ఇక్కడ టెక్సస్‌లో మీరు లేకుండా వెళితే టీచర్ జాలిగా చూస్తుంది. కాలేజీ ప్రవేశానికి రాసే శాట్ పరీక్షలో ఇప్పుడు డెస్మాస్ అనే గ్రాఫింగ్ కాలిక్యులేటర్‌ని కంప్యూటర్ తెర మీదే ఇస్తున్నారు, అయినా మా స్కూలు కొనమన్న జాబితాలో మీరున్నారు.

కొన్నాక ఊరికే ఉంచడం ఎందుకని వర్గ సమీకరణానికి ప్రోగ్రామ్ రాయబోయాను. జవాబు చూపించమనే ఆజ్ఞ 'డిస్ప్' కదా అని డి, ఐ, ఎస్, పి అంటూ ఒక్కో అక్షరం, అక్షరాల కోసం ఉన్న ఆల్ఫా మీట నొక్కి కొట్టాను. అది మాట అని మీకు తోచలేదు. నాలుగు వేరియబుల్స్ (అంకెలు దాచుకునే అక్షరాలు) అనుకుని, వాటిలో ఉన్న సున్నాలన్నీ గుణించి సున్నా చేతిలో పెట్టారు. 'డిస్ప్' కావాలంటే మెనూలోకి వెళ్లి ఏరుకోవాలట!

తర్వాత మైనస్. మీకు రెండు మైనస్ మీటలు: ఒకటి తీసివేతకు, ఒకటి రుణ సంఖ్యకు. తెర మీద కవలపిల్లల్లా ఉంటాయి. ఒకదాని బదులు ఇంకొకటి నొక్కితే సింటాక్స్ ఎర్రర్, అంటే రాసిన తీరు తప్పని. అక్కడ 'గోటూ' ఎంచుకుంటే తప్పు దగ్గరికి తీసుకెళ్లి కర్సర్‌ని మిణుకుమనిపిస్తారు, తప్పేమిటో చెప్పరు. మా లెక్కల మాస్టారు కనీసం తొడపాశం పెట్టి చెప్పేవారు.

మూడో రోజు ఎక్స్ స్క్వేర్ మైనస్ 5ఎక్స్ ప్లస్ 6 ఇస్తే 3, 2 అన్నారు. ఇల్లంతా చూపించాను. అదే సమీకరణాన్ని రెండుతో హెచ్చించి ఇస్తే 12, 8 అన్నారు! అర్ధరాత్రి దాకా వెతికితే తేలింది. సూత్రంలో కింద ఉండే '2ఏ'కి బ్రాకెట్ పెట్టలేదు ('ఏ' అంటే ఎక్స్ స్క్వేర్ ముందున్న అంకె). మీరు రెండుతో భాగించి, ఆ వచ్చినదాన్ని మళ్లీ 'ఏ'తో గుణించారు. తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. కానీ 'ఏ' ఒకటి అయినప్పుడు అంత అమాయకంగా సరైన జవాబు ఇవ్వాలా అండీ?

బాగుచేసిన మర్నాడే పరీక్ష. టీచర్ అందరి చేతుల్లోంచీ కాలిక్యులేటర్లు తీసుకుని టకటకా నాలుగైదు మీటలు నొక్కింది. "ర్యామ్ క్లియర్డ్" అని చూపించారు, అంటే దాచుకున్నదంతా చెరిగిపోయిందని. మూడు రాత్రులు, ఒక్క క్షణంలో. కనీసం ఒక నిట్టూర్పైనా విడవలేదు మీరు.

ఇప్పుడు కొత్త ప్రోగ్రామ్ రాస్తున్నాను. తెర తుడిచి "ర్యామ్ క్లియర్డ్" అని చూపిస్తుంది, అంతకుమించి ఏమీ చెయ్యదు. మొత్తం మూడు లైన్లు. అందులో మైనస్ అవసరం ఎక్కడా లేదు.

ఇట్లు,
మీ విధేయుడు